విండోస్ 11కు మారాలంటే పాత డిస్క్ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మా ఇంట్లో 2018లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది. ఇంటెల్ కోర్ ఐ5-8400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. అందులో సి, డి, ఇ డ్రైవ్‌లు ఉన్నాయి. విండోస్ 10 నడుస్తోంది. విండోస్ 11కు మారదామని మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ పెట్టి చూస్తే కుదరదంటోంది. కింద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అని రెండు ఎర్ర గుర్తులు చూపిస్తోంది. రిపేర్ చేసే అతను కొత్తది కొనుక్కోమంటున్నాడు. మా అబ్బాయేమో రిజిస్ట్రీలో ఏదో మార్చి ఎక్కించేస్తానంటున్నాడు. ఏళ్ల తరబడి తీసిన ఫొటోలు, మా నాన్నగారి జ్ఞాపకాలు నేను తెలుగులో టైప్ చేసుకున్న ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోతాయేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ కంప్యూటర్ విండోస్ 11కు పనికొస్తుంది. కొత్తది కొనక్కర్లేదు. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, వేలు పెట్టాల్సిన అవసరం అంతకన్నా లేదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి వచ్చిన కోర్ ప్రాసెసర్లను మైక్రోసాఫ్ట్ అంగీకరించింది. మీ ఐ5-8400 ఆ ఎనిమిదో తరానిదే. ర్యామ్ 4 జీబీ ఉంటే చాలన్నారు, మీకు 8 ఉంది. హెల్త్ చెక్ ప్రాసెసర్ మీద పేచీ పెట్టలేదంటే అర్థం అదే. అది చూపించిన రెండు లోపాలూ సెట్టింగుల్లో ఉన్నవి, వస్తువులో ఉన్నవి కావు.

టీపీఎం అంటే కంప్యూటర్ రహస్య తాళాలను భద్రంగా దాచే ఏర్పాటు. అది విడిగా కొనాల్సిన చిప్ అని చాలామంది అనుకుంటారు. మీ తరం ఇంటెల్ మెషిన్లలో ఆ పని చేసే ఏర్పాటు లోపలే ఉంటుంది. దాని పేరు పీటీటీ. అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌ల మదర్‌బోర్డుల్లో దాన్ని ఆఫ్ చేసి పంపడం ఆ రోజుల్లో మామూలే. విండోస్ 11 వచ్చిన 2021 దాకా దాని అవసరం ఇళ్లలో ఎవరికీ పడలేదు కాబట్టి ఎవరూ ఆన్ చేయలేదు. ఏఎండీ ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఇదే సంగతిని ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతుక్కోవాలి. రెండో ఎర్ర గుర్తు, సెక్యూర్ బూట్‌ది. కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే కాపలా అది. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని టైప్ చేసి తెరిస్తే బయోస్ మోడ్ అనే వరుస కనిపిస్తుంది (బయోస్ అంటే విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రాం). మీకు అక్కడ లెగసీ అని ఉంటుందని నా అంచనా. అంటే మీ విండోస్ 10ని ఎక్కించినవాళ్లు పాత పద్ధతిలో ఎక్కించారు. విండోస్ 11కు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి కావాలి, మీ బోర్డులో అదీ ఉంటుంది.

ఈ లెగసీ సంగతి దగ్గరే మీరు కాస్త ఆగి ఆలోచించాలి. పాత పద్ధతి డిస్కును డేటా పోకుండా కొత్త పద్ధతికి మార్చే పరికరం ఒకటి విండోస్‌లోనే ఉంది, ఎంబీఆర్‌2జీపీటీ అంటారు. ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. కానీ దానికి కొన్ని షరతులున్నాయి. డిస్కును విడదీసిన భాగాలను పార్టిషన్లంటారు. డిస్క్ మీద ప్రైమరీ, అంటే ప్రధాన పార్టిషన్లు మూడుకు మించి ఉండకూడదు. ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లు (ఒక భాగం లోపల మళ్లీ చేసిన భాగాలు) అసలే ఉండకూడదు. మీకు సి, డి, ఇ అని మూడు కనిపిస్తున్నాయి. వాటితో పాటు విండోస్ తనకోసం దాచుకున్న చిన్న పార్టిషన్ ఒకటి కనిపించకుండా ఉంటుంది. అంటే నాలుగు. ఆ పరికరం మొదటి పరీక్షలోనే వద్దంటుంది. అప్పుడు ఇ డ్రైవ్ ఖాళీ చేసి తీసేద్దాం, డిలో కలిపేద్దాం అని మొదలుపెడతారు. ఫొటోలు పోయేది సాధారణంగా ఆ సర్దుబాట్లలోనే. అప్‌గ్రేడ్ వల్ల పోయేవి తక్కువ.

అందుకే నా సలహా వేరే. ఒక ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, కొనండి. 500 జీబీది సరిపోతుంది, 250 అయినా నడుస్తుంది. విండోస్ 11ను దాని మీద కొత్తగా ఎక్కించండి. మీ పాత హార్డ్ డిస్కులో ఒక్క ఫైలు కూడా కదపకండి. ఎక్కించడం తేడా వస్తే పాత డిస్క్ మళ్లీ తగిలించి, బయోస్‌ను లెగసీకి తిప్పుకుంటే నిన్నటి విండోస్ 10 నిన్నటిలాగే లేస్తుంది. ఇంత ధైర్యంగా వెనక్కి రాగలిగే దారి ఇంకోటి లేదు. పైగా హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 నడిపితే ఆన్ చేసి టీ తాగి వచ్చినా తెరుచుకోదు. ఎస్‌ఎస్‌డీ పెడితే ఎనిమిదేళ్ల నాటి ఇదే మెషిన్ హాయిగా నడుస్తుంది. కొత్త కంప్యూటర్ కొనాలనిపించేలా చేసిన మందకొడితనంలో ఎక్కువ భాగం ఆ హార్డ్ డిస్కుదే.

అయితే ఇది రేపే చేసేయాల్సిన పని కాదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలోని కంప్యూటర్లకు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ నౌ అని ఉంటుంది. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉండాలి. మీ సెట్టింగులను అకౌంట్‌కు సింక్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. ఇది చదివిన రోజే ఆ బటన్ నొక్కండి. తర్వాత తీరిగ్గా మారవచ్చు.

‘నా యాంటీవైరస్ రోజూ అప్‌డేట్ అవుతూనే ఉంది కదా’ అని కొందరు ధీమాగా ఉంటారు. నిజమే, విండోస్ 10లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌కు వైరస్ సమాచారం 2028 అక్టోబరు వరకు వస్తుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ డిఫెండర్ అప్‌డేట్ వేరు, విండోస్‌లోని లోపాన్ని మూసే అప్‌డేట్ వేరు. 2017లో వానాక్రై అనే వైరస్ లక్షల కంప్యూటర్లను తాళం వేసి డబ్బులు అడిగింది గుర్తుందా? దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. దాడి మొదలైంది మే 12న. ఆ మధ్య రెండు నెలల్లో అప్‌డేట్ వేసుకోనివాళ్లే చిక్కుకున్నారు. అప్‌డేట్లే రాని సిస్టమ్ అయితే ఎప్పటికీ ఆ రెండు నెలల్లోనే ఉన్నట్టు. నెట్ బ్యాంకింగ్ చేసే కంప్యూటర్‌ను అలా ఉంచకూడదు.

ఇప్పుడు బ్యాకప్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మాట ‘అన్నీ అందులోనే ఉన్నాయి’ అన్నది. 2018 నుంచి తిరుగుతున్న హార్డ్ డిస్క్ అది. విండోస్ మార్చినా మార్చకపోయినా ఏదో ఒక రోజు చెప్పకుండా ఆగిపోతుంది. కాబట్టి ఎస్‌ఎస్‌డీ కన్నా ముందు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చుకోండి. పాత డిస్కును ముట్టుకోబోమన్నాం కదా, ఇది దేనికి అనకండి. నాన్నగారి జ్ఞాపకాలకు ఒక్కటే కాపీ ఉండటం మంచిది కాదు.

డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు కాపీ చేయడం అందరికీ తెలుసు. మరిచిపోయేవి వేరే ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లు, డౌన్‌లోడ్స్‌లో ఉండిపోయిన స్కాన్ కాపీలు, ఇ డ్రైవ్‌లో ఎప్పుడో పెట్టిన పెళ్లి ఫొటోలు. అవుట్‌లుక్ వాడుతుంటే మెయిళ్లు దాచే దాని పీఎస్‌టీ ఫైలు. స్టికీ నోట్స్‌లో రాసుకున్న పసుపు చీటీలు మామూలు ఫోల్డర్లలో ఉండవు, లోపలెక్కడో దాగి ఉంటాయి. వాటిని ఒక ఫైలులోకి కాపీ చేసి పెట్టుకోండి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు అకౌంట్‌కు సింక్ అవుతున్నాయో లేదో చూడండి. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే దాని డేటా ఎక్కడ ఉందో దాని సెట్టింగుల్లోనే చూసి తెలుసుకోవాలి, ఊహించకూడదు.

మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ వాడుతుంటే ఇంకో జాగ్రత్త. ఫైలు పక్కన మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు మీ డిస్క్ మీద లేదు, పేరు మాత్రమే ఉంది. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచు అనే ఆప్షన్ ఎంచుకుని, అన్నీ దిగాక కాపీ చేయండి.

కాపీ అయిపోయాక ఆ ఎక్స్‌టర్నల్ డిస్కును తీసుకెళ్లి వేరే కంప్యూటర్‌కు తగిలించండి. అక్కడ నాలుగు ఫొటోలు తెరవండి. ఒక వీడియోను మధ్యలోకి జరిపి ఆడించండి. నాన్నగారి ఫైలు తెరిచి చివరి పేజీ వరకు చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. ఈ పని అయ్యేదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ఆ ఫైళ్లు తెలుగులో ఉన్నాయన్నారు కాబట్టి ఇంకో మాట. వాటిని ఏ ఫాంట్‌లో టైప్ చేశారో ఇప్పుడే చూసి రాసుకోండి. గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే విడి ఫీచర్‌లోకి వెళ్లాయి, కొత్తగా ఎక్కించిన విండోస్‌లో వాటంతట అవి ఉండకపోవచ్చు. అప్పుడు అక్షరాలు వేరే ఫాంట్‌లో కనిపిస్తాయి, పేజీలు అటూ ఇటూ జరుగుతాయి. రాత ఎక్కడికీ పోదు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఆ ఫీచర్ పెట్టుకుంటే మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. కానీ మీరు టైప్ చేసింది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అక్షర పద్ధతి) రాకముందు రోజుల డీటీపీ, అంటే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో అయితే సంగతి వేరు. ఆ ఫాంట్ లేకపోతే తెరిచినప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. అలాంటి ఫైళ్లుంటే విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ నుంచి ఆ ఫాంట్ ఫైళ్లను కూడా బ్యాకప్‌లో పెట్టండి. ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా కూడా ఒకటి సేవ్ చేయండి. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చదువుకోవచ్చు. ఇక ముందు టైపింగ్‌కు విండోస్‌లోనే తెలుగు ఫోనెటిక్ కీబోర్డ్ ఉంది, విడిగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు.

ఎక్కించే రోజు పని సగం పూటలో అయిపోతుంది. ముందు రోజే పాత విండోస్‌లో కొన్ని చూసుకోండి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, డిజిటల్ లైసెన్స్ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలిసి ఉందో లేదో, ఎడిషన్ హోమా ప్రోనా చూసి రాసుకోండి. ఆ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది, డిస్క్ మారిస్తే పోదు. విండోస్ 11కు విడిగా కొనాల్సిందీ లేదు. తక్కువ ధరకు కీ ఇస్తామనేవాళ్లను, ఎవరో తయారుచేసిన లైట్ వెర్షన్లను నమ్మకండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ తెచ్చుకుని, కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి విండోస్ 11 దించండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది, ఖాళీది తీసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ కాగితం మీద ఉండాలి. రోజూ పిన్‌తో తెరిచేవాళ్లకు పాస్‌వర్డ్ గుర్తుండదు, కొత్త సిస్టమ్ ముందు అడిగేది అదే.

ఇక మెషిన్ తెరవడం. ప్లగ్ పీకేసి, పాత హార్డ్ డిస్క్ కేబుళ్లు రెండూ తీసేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించండి. ఈ ఒక్క విషయంలో మాత్రం బద్ధకించవద్దు. రెండు డిస్కులూ ఉంచి ఎక్కిస్తే ఏది ఫార్మాట్ చేస్తున్నామో పొరబడే ప్రమాదం ఉంది. విండోస్ తన బూట్ ఫైళ్లను పాత డిస్క్ మీద రాసేయడమూ జరుగుతుంది. అలా జరిగితే తర్వాత పాత డిస్క్ తీసిన రోజు కొత్త విండోస్ లేవదు.

ఆన్ చేసి డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. ఏదైనా మార్చేముందు ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీయండి. పీటీటీని ఎనేబుల్ చేయాలి. కొన్ని బోర్డుల్లో అది ట్రస్టెడ్ కంప్యూటింగ్ కిందో, సెక్యూరిటీ డివైస్ సపోర్ట్ అనే పేరుతోనో ఉంటుంది. పాత లెగసీ పద్ధతిని నడిపించే సీఎస్ఎం అనే దాన్ని డిజేబుల్ చేస్తే బూట్ పద్ధతి యూఈఎఫ్ఐకి మారుతుంది. ఆ తర్వాత సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. సేవ్ చేసి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి.

కీ అడిగితే నా దగ్గర లేదు అనే ఆప్షన్ నొక్కి, మీరు రాసుకున్న ఎడిషన్‌నే ఎంచుకోండి. హోమ్ లైసెన్స్ ఉండి ప్రో ఎక్కిస్తే యాక్టివేట్ కాదు. మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది. వైఫై కనిపించకపోతే కంగారు పడకండి, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి ఫోన్ ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా పనైపోతుంది. చివర్లో మీ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ చేసే సంగతి వస్తుంది. ఉచితంగా వచ్చేది 5 జీబీ. మీ ఫొటోలకు అది ఏ మూలకూ చాలదు, నిండాక హెచ్చరికలు మొదలవుతాయి. ఇప్పటికి వద్దనండి, అడక్కుండానే ఆన్ అయి ఉంటే వన్‌డ్రైవ్ సెట్టింగుల్లో ఆపేయండి.

మీ అబ్బాయి చెప్పిన రిజిస్ట్రీ కిటుకు ఉన్నదే. కానీ అర్హత లేని మెషిన్‌లో అలా ఎక్కిస్తే అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్‌ను చేత్తో ఎక్కించుకోవాల్సి వస్తుంది. అర్హత ఉన్న మీ మెషిన్‌కు ఆ తిప్పలు ఎందుకు? నిజంగానే ప్రాసెసర్ పాతదై కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకు నేను ఆ కిటుకు కన్నా విండోస్ బదులు వాడే లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చెబుతాను. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, ప్రింటర్, వైఫై, తెలుగు టైపింగ్ పనిచేస్తున్నాయనుకున్నాకే ఎక్కించుకోవచ్చు. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడినవాళ్లకు అది కుదరదు. బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలు రాసుకోవడం వరకైతే చక్కగా సరిపోతుంది.

కొత్త విండోస్ లేచాక అప్‌డేట్లన్నీ వేసుకోనివ్వండి. రెండు మూడుసార్లు రీస్టార్ట్ అవుతుంది. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చిందని చిరాకు పడకండి, టాస్క్‌బార్ సెట్టింగుల్లో ఎడమకు జరుపుకోవచ్చు. రైట్ క్లిక్‌లో పాత మెనూ కావాలంటే షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి. ప్రింటర్, స్కానర్, తెలుగు కీబోర్డ్, బ్యాంక్ సైట్, అన్నీ ఒకసారి వాడి చూడండి. పాత ప్రింటర్ కనిపించకపోతే దాని కంపెనీ సైట్‌లో ఆ మోడల్ డ్రైవర్ వెతకండి. విండోస్ 11కని విడిగా లేకపోయినా 64 బిట్ విండోస్ 10 డ్రైవర్ చాలాసార్లు పనిచేస్తుంది.

పాత డిస్కును వెంటనే తగిలించవద్దు. ఒక నెల అల్మారాలో ఉండనివ్వండి. ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచే తెచ్చుకోండి. ఏదైనా బ్యాకప్‌లో రాలేదని తెలిస్తే అప్పుడు పాత డిస్క్ తగిలించండి. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద క్లిక్ చేయగానే మీకు పర్మిషన్ లేదని వస్తుంది. అది కొత్త విండోస్ పాత అకౌంట్‌ను గుర్తుపట్టకపోవడం వల్ల వచ్చేది. కంటిన్యూ నొక్కి ఆగండి. ఫైళ్లు ఎక్కువుంటే పచ్చ గీత చాలాసేపు పాకుతుంది, మధ్యలో ఆపవద్దు. ఆ తర్వాత మామూలు ఫోల్డర్‌లాగే తెరుచుకుంటుంది, కావలసిన ఫైలు తీసుకోవచ్చు.